కమల చచ్చిపోయిందని వీధంతా వచ్చింది

మొగుడు డ్యూటీలో ఉన్న వేళ ఆడమనిషి గుమ్మంలో కూర్చుని ఏడిస్తే, హిందీ వాళ్ల ఊళ్లో ఉన్న మా ప్లాంటు కాలనీ సెక్టర్ 4లో ఎవరికైనా ఒకటే అనుమానం: ప్లాంటులో ఏదో ప్రమాదం జరిగింది. ఆ సంగతి తెలిసి కూడా ఈ రోజు మధ్యాహ్నం నవల ఆఖరి పేజీలు గుమ్మంలోనే చదివాను. కథానాయిక కమల పోయింది. నాకు వెక్కిళ్లు ఆగలేదు.

బట్టలారేస్తున్న పక్క క్వార్టర్ దీదీ చూసి, పరుగున వచ్చి నన్ను కావలించుకుంది. ఐదు నిమిషాల్లో వీధి ఆడవాళ్లంతా చేరారు. ఒకావిడ మంచినీళ్లు పట్టింది, ఇంకొకావిడ మా పాపను ఎత్తుకుంది. నన్ను నోరు విప్పనిస్తేగా! సరిగ్గా అప్పుడే మా ఆయన షిఫ్టు దిగి సైకిల్ మీద వచ్చారు. గుంపును చూడగానే ఆయన మొహం పాలిపోయింది.

"ఏటయ్యిందే? పాపకేటయ్యింది?"

"పాపకేటీ అవలేదండీ. కమల చచ్చిపోయింది."

"కమలెవులు? మీ పిన్ని కూతురా?"

చేతిలో నవల చూపించాను. ఆయన లోపలికి వెళ్లి అన్నం తనే వడ్డించుకున్నారు. దీదీ నన్ను "పాగల్" అని తిట్టింది. తిట్టి, వెళ్లకుండా అక్కడే చతికిలబడి కమలకేమైందో చెప్పమంది. నా వచ్చీరాని హిందీలో చెప్పేసరికి అందరూ కొంగులు తడుపుకున్నారు.

వెళ్తూ వెళ్తూ దీదీ షరతు పెట్టింది. రేపు ఇంకో నవల చెప్పాలట, కానీ మగాళ్లందరూ ఇళ్లకు చేరాకేనట. మీ వీధిలో ఏడవడానికి ఏ వేళ మంచిదో కాస్త చెప్పండి.