ముందు సిలార్ చూడాలి

చిలకలూరిపేటలో పరుపులు కుట్టే సిలార్, ఒక పెళ్ళివారి కొత్త పరుపు మీద పెళ్ళికొడుకు కంటే ముందే నిద్రపోయాడు. పరుపు తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళు గురక ఆగేదాకా గుమ్మంలో నిలబడ్డారు. ఆయన లేచి, ఏమాత్రం తొణక్కుండా, "ఎడంపక్క కాస్త గట్టిగా ఉందండి. కూర్చోండి, సర్దేస్తా" అన్నాడు.

అదీ ఆయన జబ్బు. ఏదైనా ముందు తను చూడాలి. కూతురు నస్రత్‌కు టానిక్కు రాస్తే మొదటి చెంచా ఆయనదే. ఆ పిల్లకు కొత్త చెప్పులు కొంటే, తన పాదం దూర్చి అవి సాగేదాకా వదిలేవాడు కాదు. భార్య సైదాబీకి పన్ను పీకాలంటే, ముందు తన పన్ను పీకి చూపించమని కుర్చీ ఎక్కి కూర్చున్నాడు. పళ్ళ డాక్టరు దణ్ణం పెట్టి దించాడు.

"ఉండండి, ముందు నేను చూస్తా" అనేవాడు. అని దగ్గేవాడు. ఆయన ఏకిన దూదంతా ఆ దగ్గులో వినపడేది. పని మానమని డాక్టర్లు చెప్పారు. నస్రత్ బతిమాలింది. "ఈ ఒక్క పరుపూ కానీ తల్లీ" అనేవాడు. నాన్నను ఆ దగ్గు ఎత్తుకుపోతుందేమోనని ఆ పిల్లకు ఒకటే భయం.

రెండువేల మూడులో నస్రత్‌కు టీచరు ఉద్యోగం వచ్చింది. సోడాబుడ్డి అద్దాలతో వెళ్తే పిల్లలు పేరు పెట్టేస్తారని, గుంటూరులో కాంటాక్ట్ లెన్సులు చేయించుకుంది. తీరా వేలికొన మీద నీటిబొట్టులా వణుకుతున్న లెన్సును చూసేసరికి కళ్ళు బిగించేసింది.

"కంటి వెనక్కి పోతేనో?"

"అక్కడికి దారే లేదమ్మా" అంది షాపులో అమ్మాయి శాంతి.

"ఉండు తల్లీ, ముందు నేను చూస్తా" అన్నాడు సిలార్.

"మీ కళ్ళు బాగానే ఉన్నాయి కదండీ!"

"బాగున్న కంటికేగా అమ్మాయ్ తేడా తెలిసేది!"

పోరు పడలేక శాంతి పవర్ లేని జత తెచ్చి పెట్టింది. సిలార్ కుర్చీలో బిర్రబిగుసుకుని, రేడియోలో క్రికెట్ చెప్పినట్టు అందుకున్నాడు. "నలుసు పడ్డట్టుంది... నీళ్ళు కారతన్నయ్... ఆఁ, రెప్పలాడిస్తే సర్దుకుంది. నొప్పి లేదు. ఇప్పుడు ఉందో లేదో కూడా తెలవట్లా. ఇంక పెట్టుకో."

పెట్టుకుంది. సోడాబుడ్డి అద్దాల్లో అన్నీ కాస్త చిన్నవిగా కనిపించేవి. ఇప్పుడు నాన్న మొహం ఉన్నది ఉన్నట్టు కనిపించింది. చెంపల మీది గుంటలతో సహా.

ఇంటికొచ్చాక తియ్యడం కూడా తనే ముందన్నాడు. అదీ పండుమిరపకాయ పచ్చడి కలిపిన చేత్తో. వాకిట్లో ఆయన వేసిన గంతులకు వీధికుక్కలు పక్కకు తప్పుకున్నాయి. సబ్బుతో చేతులు కడుక్కోమని నస్రత్‌కు మళ్ళీ ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"ఏందమ్మా ఈయన పిచ్చి?" అంది నస్రత్.

సైదాబీ ఆయన కళ్ళ మీద తడిగుడ్డ వేస్తూ చెప్పింది. "మా పెళ్ళి పరుపు మీ నాన్నే కుట్టాడు. కుట్టి, దబ్బనం లోపలే మర్చిపోయాడు. అది నా వీపులో దిగింది. నేను నవ్వి ఊరుకున్నా. ఈయన ఊరుకోలా. అప్పట్నుంచి మనకు గుచ్చుకునేదేదైనా ముందు ఈయనకే గుచ్చుకోవాలి."

నాలుగేళ్ళకు దగ్గే గెలిచింది. ఇంక ఇంటికి తీసుకెళ్ళమన్నారు ఆసుపత్రివాళ్ళు. సిలార్ తను కుట్టిన పరుపు మీదే పడుకున్నాడు, ఈసారి గురక లేకుండా. పక్కన కూర్చున్న నస్రత్‌కు కళ్ళు మసకబారాయి. లేచి లెన్సులు తీసి వచ్చింది. సబ్బుతో కడుక్కున్నావా అన్నట్టు ఆమె చేతుల వంక చూశాడు.

దాంతో నస్రత్ దెబ్బలాటకు దిగింది. "టానిక్కుకు నువ్వే ముందు, చెప్పులకు నువ్వే ముందు. దీనిక్కూడా నువ్వే ముందా నాన్నా?"

సిలార్ ఊపిరి కూడదీసుకున్నాడు.

"మొదట్లో నలుసు పడ్డట్టుంటదేమో తల్లీ, ముందు నేను చూస్తాగా."