నాలుగు వేళ్ల వదులు

నూకాలమ్మ తల్లి మీద ఒట్టు. అది చాలదనుకుంటే నా జీపు స్టీరింగు మీద కుడి చెయ్యి వేసి మరీ చెబుతున్నాను, ఇందులో ప్రతి ముక్కా నిజం. నన్నెరిగిన వాళ్లు ఈపాటికే నవ్వుతూ ఉంటారు. నవ్వనివ్వండి. ఆ కుడి చెయ్యి స్టీరింగు దాకా లేచిందంటేనే ఇందులో సగం రుజువైపోయినట్టు. చాలాకాలం అది లేవలేదు మరి.

అనకాపల్లి నుంచి రావికమతం దాకా సర్వీసు జీపు తోలేవాణ్ణి. నిండేదాకా కదలని బండి, కదిలాక మూతపడని నోరు. బెల్లం అమ్ముకుని వెళ్లే రైతులు, ఎండుచేపల బుట్టలతో ఎక్కే ఆడవాళ్లు, చుట్టపుచూపుకి పోయేవాళ్లు, అందరికీ ఛార్జీలోనే నా కథలు కూడా కలిసి ఉండేవి. గొలుగొండ దారిలో ఎలుగుబంటి జీపాపి నన్ను అగ్గిపెట్టె అడిగిందని చెప్పాను. తిరిగి ఇచ్చేసిందని కూడా చెప్పాను. ఒక్కరూ నమ్మేవారు కాదు. కానీ దిగేటప్పుడు, "మరి రేపేటి సెప్తావు?" అని అడగకుండా వెళ్లేవారు కాదు.

మా ఆవిడ ఉన్నన్నాళ్లు ఇంట్లో కూడా ఒక చెవి ఉండేది. ఆవిడా నమ్మేది కాదు. బియ్యంలో రాళ్లు ఏరుతూ వినేది, అతిగా పోతే ఒక రాయి తీసి నా మీదికి విసిరేది. ఆవిడ పోయాక వెనక సీట్లవాళ్లే మిగిలారు. తర్వాత నా కుడి భుజం పట్టేసింది. డాక్టరు దానికేదో పేరు చెప్పాడు. నాకు అర్థమైందల్లా, చొక్కా తొడుక్కోవాలంటే గోడ సాయం కావాలని. మా జీపు స్టీరింగంటే తిరగలి తిప్పినంత పని. ఇంజను కూడా అప్పటికే డీజిలు కంటే నూనె ఎక్కువ తాగుతోంది. రెండూ ఒక్కసారే మొరాయించాయి. జీపు పెరట్లో ఆగింది. దాని పక్కన నేను ఆగాను.

పాత ఇనుము కొనేవాడు అప్పుడప్పుడు గోడ మీంచి తొంగిచూసి, "ఇచ్చెత్తావేటి మావా?" అని అడిగి పోయేవాడు. పనసకాయ పండిందేమో తట్టి చూసినట్టుండేది ఆ అడగడం. ఒకరోజు సాయంత్రం కిరాణా కొట్టుకెళ్లి పావుకిలో ఉల్లిపాయలన్నాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. ఆలోచిస్తే ఆ రోజు నేను మాట్లాడిన మొదటి మాట అదే. ఇంటికొచ్చి ఉల్లిపాయలు పక్కన పడేసి, షెడ్డు నడుపుతున్న భాయ్ దగ్గరకి బయలుదేరాను.

భాయ్ నా చిన్ననాటి వీధివాడు. అతన్ని నేను భాయ్ అంటాను, నన్నతను బావా అంటాడు. వాళ్ల నాన్న గుర్రబ్బళ్లకి ఇరుసులు వేసేవాడు, ఇతను జీపులకీ వ్యాన్లకీ ఇంజన్లు మారుస్తాడు. మాటలు తక్కువ మనిషి. తాడు కట్టి లాక్కొచ్చిన నా జీపు బానెట్టు ఎత్తి చూశాడు. లోపల కోడి పెట్టిన గూడు ఉంది.

"బావా, ఇంజను మార్సాలా, గుడ్లు పొదగాలా?"

"ఇంజను మార్సి పవర్ స్టీరింగు పెట్టు భాయ్. ఏలితో తిప్పితే తిరగాల."

"తిప్పి ఎక్కడికెల్తావు?"

"నా లైనుకే. మళ్లీ జనాన్నెక్కించుకుంటాను. ఇది కుదరకపోతే ఆ పాత ఇనుం వోడికి ఇచ్చేత్తాను, పీడా పోద్ది."

భాయ్ నా భుజం వైపు చూశాడు. పీడా పోవడం నాకు ఎంత ఇష్టమో అతనికి కనిపించే ఉంటుంది. "సేత్తాను," అన్నాడు. "కానీ నేను కొలత తీసేటప్పుడు నువ్వు కత సెప్పకూడదు. ఒట్టెయ్."

"నామీద నమ్మకం లేదేటి?"

"బోల్డంత నమ్మకం. అందుకే ఒట్టెయ్యమన్నాను."

ఎక్కడో గుద్దుకున్న వ్యాను నుంచి డీజిలు ఇంజను దొరికింది. దానికి పవర్ స్టీరింగు పంపు ఉంది, స్టీరింగు పెట్టె కూడా తోడొచ్చింది. ఇంజను దించడం, అది కూర్చునే దిమ్మలు వెల్డింగు చేయడం, గేరుబాక్సు కలపడం, అన్నీ పెద్ద పనులే కానీ అవన్నీ సాగిపోయాయి. పేచీ వచ్చింది పైపుల దగ్గర. పంపు నుంచి స్టీరింగు పెట్టెకి నూనె ఒక పైపులో తోసుకుంటూ వెళుతుంది, ఇంకో పైపులో తీరిగ్గా వెనక్కి వస్తుంది. వెనక్కి వచ్చేదానికి మామూలు రబ్బరు పైపు, క్లిప్పు చాలు. తోసుకెళ్లేదానికి గట్టిది కావాలి, లేకపోతే బుడగలా పగిలిపోతుంది. వ్యానులో పంపూ పెట్టె ఒకే వైపు ఉండేవి. నా జీపులో పంపు ఎడమకి పడింది, పెట్టె కుడికి. పైపు ఇంజను ముందు నుంచి అడ్డంగా నడిచి రావాలి. అంత పొడుగుది దొరకదు. చెరకు మోసే ట్రాక్టర్లకి హైడ్రాలిక్ పైపులు చేసిచ్చే కొట్టు మన ఊళ్లోనే ఉంది. పొడుగు చెబితే కోసి, రెండు చివర్లా బిగించే ఇనుప మూతులు మిషను మీద నొక్కి ఇస్తారు.

పొడుగు చెప్పాల్సింది భాయ్. భాయ్ టేపు ముట్టడు. వాళ్ల నాన్నకి మల్లే పురికొసతో కొలుస్తాడు. పంపు దగ్గర ఒక కొస నన్ను పట్టుకోమని, ఫ్యానుకి తగలకుండా, సైలెన్సరు వేడి సోకకుండా, పైపు ఏ దారిన వెళ్లాలో ఆ దారినే పురికొసని పాములా నడిపించుకుంటూ పెట్టె దాకా పోయాడు.

"ఇక్కడికైపోయింది కదా?" అన్నాను.

"అవ్వలేదు. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూకుంటాది బావా. స్టార్ట్ సేత్తే ఊగుతాది. దాంతో పాటు పైపూ ఊగాల. ఇక్కణ్ణించి నాలుగు ఏళ్ల వెడల్పు ఎక్కువెట్టి, అక్కడ ముడెయ్యాల."

అతను అంత పొడుగు మాట మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఎదుటి మనిషి మాట్లాడాడంటే మన వంతు వచ్చినట్టే కదా. వేసిన ఒట్టు గుర్తుంది, కాదనను. నోరు మాత్రం ఆగలేదు.

"నాలుగేళ్లంటే గుర్తొచ్చింది. ఓసారి పూడిమడకలో ఇసక మీద జీపాపి టీ తాగతన్నానా, సముద్రం పోటొచ్చేసింది భాయ్. పరిగెత్తి బండి తీసీసేను. రావికమతం దారిలో ముసిలమ్మ సెయ్యెత్తింది. ఎక్కింది. వెనక సీట్లో తడిసిన దుప్పటి కప్పుకున్నట్టు ఎవలో కూకున్నారు. 'జరగమ్మా' అంది. జరగలేదు. 'నాలుగేళ్లు జరుగు తల్లీ, నాను కూకోవద్దేటి' అంది. అప్పుడు జరిగింది. అద్దంలో సూద్దును గదా, వంజరం చేప! నిలువెత్తుది! ముసిలమ్మ దాంతో కోడలి మీద సాడీలు సెప్తంది. చేప వింటంది."

భాయ్ నవ్వాడు. చప్పుడు లేకుండా, ఒళ్లంతా ఊగేలా, ఆ ఇంజనులాగే. నవ్వుతూనే ముడి వేశాడు. ఒకరిని నవ్వించి ఎన్నాళ్లయిందో. ఆ పురికొస తీసుకుని పైపుల కొట్టుకి నడిచి వెళుతుంటే భుజం నొప్పి కూడా తగ్గినట్టనిపించింది.

పైపు వచ్చింది. ఒక మూతి పంపుకి బిగించాడు. రెండో మూతి పెట్టె దాకా వచ్చింది, కానీ లాగితే వచ్చింది. బిగించాక చూస్తే తీగలా ఉంది, మీటితే మోగేలా. భాయ్ పైపు వైపు చూశాడు. తర్వాత నా వైపు.

"నాలుగు ఏళ్లేయి బావా?"

"ముడేసింది నువ్వు."

"నవ్వించింది నువ్వు."

"ఒగ్గెయ్ భాయ్. అందింది కదా. నడిసిపోద్ది."

"నడుత్తాది. జనాన్ని నిండా ఎక్కించుకుని మలుపు తిప్పతన్నప్పుడు ఊడతాది. నూనె పోతే స్టీరింగు పాతదానికన్నా బరువైపోద్ది. అప్పుడు ఏటితో తిప్పుతావు? కతతోనా?"

అతను పైపు విప్పి గోడ మేకుకి తగిలించాడు. ఆ పూటంతా ఆకురాయి మీద ఇనుం రాపిడి తప్ప షెడ్డులో చప్పుడు లేదు. నా ఇల్లు నాతో పాటే అక్కడికి నడిచొచ్చి కూర్చున్నట్టుంది. ఇంటికెళ్లే దారిలో పాత ఇనుం వాడు ఎదురై నవ్వితే, మొదటిసారి నేనూ ఆగి, "ఎంతకి తీసుకుంటావు?" అని అడగబోయాను. నోటిదాకా వచ్చింది. మింగేశాను.

మర్నాడు భాయ్ కొత్త పురికొస తీశాడు. ఒక కొస నా చేతికివ్వలేదు. "నోరు తెరు," అన్నాడు.

"ఏటి?"

"నీ సెయ్యి ఎలాగూ లెగట్లేదు. పళ్లతో పట్టు. వంగి పంపుకాడ నోరెట్టు."

పట్టుకున్నాను. రావికమతం లైను మొత్తాన్ని నోటితో నడిపిన మనిషిని, ఇంజను మీదికి వంగి, గ్రీజు వాసన పీలుస్తూ, పురికొస కరుచుకుని నిలబడ్డాను. చేప మిగతా కథ గొంతులో కొట్టుకుంటోంది. భాయ్ తాపీగా పెట్టె దాకా వెళ్లి, నాలుగు వేళ్లు ఆనించి, నాకు కనపడేలా పైకెత్తి చూపించి, ముడి వేశాడు. నవ్వలేదు.

ఈసారి పైపు చక్కగా కూర్చుంది, మధ్యలో కొంచెం జారి, ఊపిరి పీల్చుకోడానికి చోటున్నట్టు. రెండో పైపుకి క్లిప్పులు బిగించి, ముందు చక్రాలు జాకీల మీద ఎత్తి, నూనె పోశాడు. ఇంజను స్టార్ట్ చెయ్యకూడదట. ముందు పైపుల్లో గాలి పోవాలి. ఒకడు స్టీరింగు ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పాలి, ఒకడు నూనె డబ్బాలోకి చూస్తూ బుడగలు ఆగేదాకా చెబుతుండాలి.

"ఎక్కు," అన్నాడు.

ఎంతకాలానికో నా సీట్లో కూర్చున్నాను. చక్రాలు నేలకి ఆనడం లేదు కాబట్టి ఎడమ చేత్తోనే తిరుగుతోంది.

"కుడికి," అనేవాడు బానెట్టు వెనక నుంచి.

"కుడికి," అనేవాణ్ణి.

"ఇంకా ఉన్నాయి. ఎడమకి."

"ఎడమకి."

మధ్యాహ్నమంతా అంతే. అతని ముఖం నాకు కనపడదు, నాది అతనికి కనపడదు. ఉన్నవి రెండే మాటలు, వాటిలో కథ లేదు, పోలిక లేదు. అయినా ఒకరు పిలుస్తుంటే నేను పలుకుతున్నాను. బుడగలు త్వరగా ఆగిపోకూడదని లోపల లోపల కోరుకున్నానంటే నమ్ముతారా?

ఆగిపోయాయి. ఇంజను స్టార్ట్ చేస్తే పంపు కాసేపు పిల్లాడిలా రాగం తీసింది, తర్వాత ఊరుకుంది. జాకీలు దించాడు. పట్టేసిన కుడి చెయ్యి మెల్లగా లేపి స్టీరింగు మీద వేశాను. ఒక్క వేలితో తోశాను. చక్రాలు మట్టిని రాసుకుంటూ తిరిగాయి. ఇంజను ఊగింది. పైపు దాంతో పాటే ఊగింది. చుక్క కారలేదు.

"ట్రయలెయ్యాల," అని భాయ్ వచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు. "నీ కతకి కాదు. పంపు సప్పుడు వినడానికి." చెరకు తోటల మధ్య నుంచి రావికమతం దాకా వెళ్లాం. నేను నోరు కట్టేసుకున్నాను. మలుపులన్నీ వేలితో తిరిగాయి. వెనక్కి తిప్పుకుని ఊరు కనపడుతుండగా, వెనక నుంచి భాయ్ గొంతు సవరించుకుని, "ఇంతకీ బావా, ఆ చేప ఎక్కడ దిగింది?" అన్నాడు.

ఇక మొదట్లో వేసిన ఒట్టు సంగతి. చేప అబద్ధమని మీకు ముందే తెలుసు, ఎలుగుబంటి కూడా, అవి లెక్కలోకి రావు. పురికొస నిజం, పళ్లు నిజం, బుడగలు నిజం. నేను కల్పించింది ఆ చివరి ప్రయాణంలో వెనక సీటు. భాయ్ నాతో రాలేదు. అవతల ఇంకో వ్యాను బానెట్టు ఎత్తి ఉంది. చేతులు తుడుచుకుంటూ, "లీకయితే తీసుకురా," అని అటు వెళ్లిపోయాడు. చేప గురించి అడగలేదు. ఇంతవరకూ అడగలేదు.

రావికమతం దాకా ఒక్కణ్ణే వెళ్లాను. పాత చోటే జీపాపి నిలబడ్డాను. ఒకప్పుడు నా జీపెక్కిన వాళ్లంతా ఆటోల్లో ఎక్కుతున్నారు, ఎక్కి ఫోన్లలోకి వంగుతున్నారు. ఒకావిడ దగ్గరకొచ్చి, "ఇది సర్వీసేనేటి బాబూ?" అంది. "అవునమ్మా, రండి," అన్నాను. లోపలికి తొంగిచూసి, ఖాళీ సీట్లు చూసి, "నిండీసరికి పొద్దోతాది," అని కదిలే ఆటో వైపు పోయింది. తిరిగి వస్తూ చేప కథ మొదట్నుంచీ గట్టిగా చెప్పాను, ఇంజను చప్పుడు మీద వినపడేలా. చేప దిగేచోటు దాకా వచ్చి ఆగిపోయాను. ఎవరూ అడగంది ఎలా చెప్పను?

రోజూ పొద్దున్నే జీపు కింద పాత పేపరు పరిచి చూస్తున్నాను. మచ్చ లేదు. భాయ్ పని గట్టి పని. అయినా రేపు షెడ్డుకి తీసుకెళ్లి, మూతి దగ్గర చుక్క కారుతోందని చెబుదామనుకుంటున్నాను. అబద్ధమని తేలాలంటే అతను లైటు పట్టుకుని కిందికి దూరి, పైపు పొడుగునా వెతకాలి. అంతసేపు చాలు. చేపని దింపేయొచ్చు.