హరిప్రసాద్ పళ్ల క్లిప్పు

ఎయిర్‌పోర్టు వచ్చాక శంషాబాద్‌లో ప్లాట్లు అమ్మడం మొదలుపెట్టిన హరిప్రసాద్, ముప్పై ఎనిమిదేళ్ల వయసులో తన ఎత్తుపళ్లు సరిచేయించుకున్నాడు. పళ్లకు కట్టిన తీగలు విప్పిన రోజు డాక్టరు ఒక ప్లాస్టిక్ క్లిప్పు చేతికిచ్చి, "ఇది పెట్టుకోకుంటే పళ్లు మళ్ల పాత జాగకే పోతయి" అన్నాడు. అప్పటినుంచి అన్నానికీ బేరానికీ తప్ప హరిప్రసాద్ దాన్ని తీయడు. క్లిప్పుంటే మాట ముద్దగా వస్తుంది, ముద్దగా చెబితే ప్లాటెవరూ కొనరు. అందుకే వెంచర్ గేటు దగ్గర కారు ఆగగానే అటు తిరిగి, బొటనవేలితో క్లిప్పు ఊడదీసి, సీసా నీళ్లతో కడిగి, నీలం డబ్బీలో పెట్టుకుంటాడు. ఇటు తిరిగేసరికి పళ్లన్నీ వరసగా నవ్వుతుంటాయి. "ఎయిర్‌పోర్టు పది నిమిషాలన్నా. కండ్లు మూసుకోని కొనొచ్చు." ఇంట్లో అన్నానికి తప్ప క్లిప్పు తీయడు కనుక పెద్దగా మాట్లాడడు.

ఓరోజు మంఖాల్ ఊరి నుంచి కుర్మయ్య వెంచర్ దగ్గరికి వచ్చాడు. హరిప్రసాద్ తండ్రితో కలిసి వ్యవసాయం చేసిన మనిషి. "ఉన్న పొలం అమ్మిన కొడుకా. ఇంత జాగ కొందామని వచ్చిన. గీ మూల ప్లాటు మంచిదేనా?" అని అడిగాడు. హరిప్రసాద్ అలవాటుగా అటు తిరిగి డబ్బీ మూత తీశాడు. క్లిప్పు నోట్లోనే ఉంచి, ఖాళీ డబ్బీని మళ్లీ మూసి జేబులో వేసుకున్నాడు.

"అది చెరువు శిఖం బాపు," అన్నాడు ముద్దముద్దగా. "వానకాలం మోకాళ్లదాంక నీళ్లుంటయి. వద్దు."

"నోట్లె ఏమైంది కొడుకా, పుండు లేసిందా?" అని పరామర్శించి కుర్మయ్య బస్సుకు వెళ్లిపోయాడు.

కాసేపటికి గేటు దగ్గర కారు ఆగింది. దిగినాయన కూడా మూల ప్లాటే అడిగాడు. హరిప్రసాద్ అప్పటికే క్లిప్పు కడిగి డబ్బీలో పెట్టేశాడు.