బొట్టు పెట్టిన గేరు

రెండు వారాల కిందట పాలు పితికే వేళకు అత్త ఫోన్ చేసింది. "మీ మామ ఇంక లెయ్యలేదు పాపా" అంది. మా చిన్నమామ, అంటే మా అమ్మ తమ్ముడు, నిద్రలోనే పోయాడు. వెళ్ళి చూస్తే ముఖం ఎప్పటిలాగే ఉంది, గోళ్ళ సందుల్లో గ్రీజు కూడా ఎప్పటిలాగే ఉంది. స్నానం చేయించినవాళ్ళు ఎంత రుద్దినా అది పోలేదట. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

ఆయన మెకానిక్కు కాదు. తమిళ సీమలోని ధర్మపురి పక్కన మెట్ట పొలం, కాసిని ఆవులు ఉన్న రైతు. ఆ ఊళ్ళో ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను వాళ్ళింట్లోనే ఉన్నాను కాబట్టి ఆయన అలవాట్లు నాకు కంఠతా వచ్చు. విత్తనం వేసినా, ఆవు కాలికి కట్టు కట్టినా నిదానమే. నట్టు బిగించేటప్పుడు పిలిస్తే పలికేవాడు కాదు. "బిగించేదాకా ఊరికే ఉండండి, బిగించినాక ఎంతైనా తిట్టండి" అనేవాడు. అత్త ఆ అనుమతిని బాగానే వాడుకునేది.

మా తాత కొన్న నల్లకారు ఒకటి వాళ్ళ కొట్టంలో ఉండేది. తాత పోయాక అన్నదమ్ములిద్దరూ పొలం పంచుకున్నారు, ఆవులు పంచుకున్నారు. కారును పంచుకోవడం కుదరలేదు. పంపకాల్లో మాటా మాటా పెరిగి అన్న, అంటే మా పెద్దమామ, దగ్గర్లోని బొమ్మిడిలో ఇల్లు కట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ తరువాత ఇద్దరూ ఎదురుపడేది పెళ్ళిళ్ళలోనే. ఇద్దరి సొత్తయిన ఆ కారేమో నడవదు. ఇంజనులో వాల్వులను ఎత్తి దించే క్యామ్‌షాఫ్టు ఉంటుంది కదా, దాని చివరి గేరుకు పళ్ళు రాలిపోయాయి.

ఒక పెళ్ళి పందిట్లో పెద్దమామ అందరి ముందూ అనేశాడు: "ఆ బండి దానంతట అది నా వాకిట్లోకి వస్తే నువ్వే పెట్టుకో. రాలేదనుకో, ఆడి మాసం దాటినాక పాత ఇనుముకు ఏసేద్దాం."

ఆడి అంటే తమిళుల లెక్కలో ఆషాఢం. చిన్నమామ ఇంటికి వచ్చిన మర్నాడే ఇంజను విప్పడం మొదలుపెట్టాడు. మసి గీకాడు, పిస్టన్లకు కొత్త రింగులు వేశాడు, వాల్వులు నూరాడు. చిక్కంతా గేరు దగ్గరే వచ్చింది. పాతది ఫైబరుది. అలాంటిది ఎక్కడా దొరకలేదు. సేలం పట్టరలో, అంటే లేతు పని చేసే కార్ఖానాలో, ఇనుముతో చేసిస్తాం, ఎన్నేళ్ళయినా అరగదు అన్నారు. మామ ఒప్పుకోలేదు. "ఇనుపది అరుస్తుంది. నాయన బండి అరవగూడదు" అని పట్టుబట్టి ఫైబరుతోనే పళ్ళు కోయించుకుని వచ్చాడు. పాత గేరును పక్కన పెట్టుకుని, ఏ పన్ను దాన్ని తిప్పే క్రాంకు గేరు మీది గుర్తుకు ఎదురుగా నిలవాలో చూసి, ఆ పంటి మీద ఎర్ర రంగు చుక్క పెట్టాడు. ఒక్క పన్ను అటూ ఇటూ అయినా బండి నడవదట.

మా అత్త సంగతి చెప్పాలి. కొత్త వస్తువు ఏదైనా సరే, పసుపు రాసి బొట్టు పెట్టనిదే ఆమె ఇంట్లో వాడనివ్వదు. ప్రెషర్ కుక్కరుకే తప్పలేదు, గేరును వదులుతుందా? పొద్దున్నే దాన్ని పీట మీద పెట్టి, నిండా పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టి, దండం పెట్టుకుని మామ చేతికిచ్చింది. ఆయన కళ్ళద్దాలు సవరించుకున్నాడు. వాల్వులను తోసే ట్యాపెట్లు జారకుండా అత్త బట్టల క్లిప్పులతో పట్టి ఉంచి, గేరు బిగించిన షాఫ్టును లోపలికి తోసి, ఎరుపును గుర్తుకు ఎదురుగా నిలబెట్టాడు. మూతలు పడ్డాయి, రేడియేటరు ఎక్కింది. హ్యాండిలు తిప్పితే కారు దగ్గింది, తుమ్మింది, కార్బురేటరులోంచి మంట కక్కింది. నడవడం మాత్రం నడవలేదు. అప్పటికి ఆడి మాసం చివరికొచ్చింది.

మళ్ళీ అంతా విప్పాడు. క్రాంకు గుర్తుకు ఎదురుగా దర్జాగా కూర్చున్నది అత్త పెట్టిన బొట్టు! ఆయన పెట్టిన చుక్క పసుపు కింద, ఇంకెక్కడో ఉంది. అత్త ముఖం మాడిపోయింది. "నేను చెడిపినానా?" అంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

మామ నవ్వాడు. నేలమీద కూలబడి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వాడు. "నీ బొట్టు కనబడితే ఇంక వేరేది నా కంటికి ఆనలేదే" అన్నాడు. ఆ వయసులో అత్త సిగ్గుపడటం నేను కళ్ళారా చూశాను. షాఫ్టును బయటికి లాగి, సరిగా తిప్పి పెట్టుకుని, ఆమెనే మళ్ళీ పిలిచాడు. "ఇదో, ఈ పంటి మీద పెట్టు. ఈసారి తప్పు పోదు." ఆమె కుంకుమ భరిణె తెచ్చి ఆ పంటి మీదే పెట్టింది. నాకు తెలిసి వాళ్ళ కాపురం అంటే అదే.

ఆడి మాసం ముగియకముందే ముగ్గురం బొమ్మిడి వెళ్ళాం. పెద్దమామ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కారు వాకిట్లోకి వచ్చి నిలిచేదాకా తల ఎత్తలేదు. "సత్తమే లేదేమిరా!" అన్నాడు, చప్పుడు వినబడనందుకు ఆశ్చర్యపోతూ. చుట్టూ ఒకసారి తిరిగాడు. బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాడు. అత్తా నేనూ కాఫీకి లోపలికి పిలుస్తారేమో అనుకుంటూ దిగి నిలబడ్డాం. ఆయన ముందు తలుపు తీసి తమ్ముడి పక్కన ఎక్కాడు. "తొప్పూరు కనుమ దాకా పోనీ" అన్నాడు. అత్తనూ నన్నూ అక్కడే మరిచిపోయి ఇద్దరూ వెళ్ళిపోయారు. మధ్యాహ్నం అన్నం వేళకు గానీ రాలేదు. ఏం మాట్లాడుకున్నారని అడిగితే "బండి బాగా ఎక్కింది" అన్నాడు మామ. ఆ తరువాత పెద్దమామ ఏదో ఒక సాకు చెప్పి తరచు వస్తూనే ఉన్నాడు, ప్రతిసారీ కారెక్కి తిరిగి వచ్చేవాడు.

నిన్న కర్మ జరిగింది. భోజనాల వేళకు పెద్దమామ కనపడలేదు. వెతుక్కుంటూ కొట్టంలోకి వెళ్ళాను. కారులో ఎడమవైపు కూర్చుని ఉన్నాడు. భుజం మీది తుండు తీసి, బస్సులో మనవాళ్ళ కోసం చోటు ఆపినట్టు, స్టీరింగు ముందు సీటు మీద పరిచి ఉంచాడు.