కడబంతిలో బూరె

నిన్న రాజమండ్రిలో పూటకూళ్ల ఇంటి అరుగు మీద నా వంతు కోసం కూర్చుని ఉండగా, వేడన్నం పడి కమిలిన అరిటాకు వాసన లోపలినుంచి వచ్చిందో లేదో, నేను పదేళ్లవాణ్ణయిపోయి, కార్తీకమాసపు లేత ఎండలో కాలవ మీద పడవలో పోతున్నాను.

ఊరందరిచేతా వనభోజనాలు చేయించేది మా తాతయ్యే. పడవవాడు వీరన్న తాడు భుజాన వేసుకుని గట్టు మీద లాగుతుంటే, వెనకాలే నా ఈడుదే అతని కూతురు మంగ పరుగెత్తేది. నీళ్ల మీది మంచు, తడిసిన వరిచేల వాసన, ఆడవాళ్ల ఒళ్లో మూటల్లోంచి యాలకుల ఘుమఘుమ, అన్నీ కలిసి నిద్రో మెలకువో తెలియనిచ్చేవి కావు. తోటలో ఉసిరిచెట్ల పక్కన గాడిపొయ్యి తవ్వి కంద బచ్చలికూర, పులిహోర, బూరెలు వండేవారు. తాతయ్య మటుకు పడవవాళ్ల బంతి కూడా లేచాక గాని ఆకు వేసుకునేవాడు కాదు. ఊరికి పెద్దవాడు ముందు కూర్చోవాలి గదా అని నాకు వింతగా ఉండేది.

ఆ ఏడు బూరెల బుట్ట నా చేతికిచ్చాడు. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు.

"ముఖం చూడకురా అబ్బాయ్, ఆకు చూడు" అని మాత్రం అన్నాడు.

నేను ముఖాలే చూశాను. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారు. నా నేస్తాలైతే మొదటి బంతిలోనే కూర్చున్నారాయె. కోతికొమ్మచ్చిలో నన్ను పట్టివ్వనివాడికి నాలుగు, బొంగరం ఇస్తానన్నవాడికి ఐదు. పడవవాళ్ల బంతికి వచ్చేసరికి బుట్ట అడుగు కనిపించింది. మంగ తన ఆకు చూసుకోకుండా అవతలికి చూస్తోంది. నేనూ అటు చూశాను. మావాళ్లు తినలేక వదిలేసిన బూరెలను ఎంగిలాకుల గుంటలో కాకులు పొడుచుకు తింటున్నాయి.

"పోనీలెండి బాబూ, మజ్జిగ పోయించండి" అన్నాడు వీరన్న.

తాతయ్య ఆ పూట ఉత్త మజ్జిగన్నం తిని లేచాడు. నాలుగు తిట్టినా బాగుండేది, సిగ్గుతో చచ్చిపోయాను.

మరుసటి ఏడు బుట్ట ఇంకెవరికో ఇస్తాడనుకున్నాను. నాకే ఇచ్చాడు. ఈసారి తలెత్తితే ఒట్టు. నేస్తాలు కాళ్లు గిల్లినా ఆగకుండా ఆకులే చూసుకుంటూ నడిచాను. కడబంతికి వచ్చేసరికి బుట్టలో బూరెలు ఇంకా వెచ్చగా ఉన్నాయి. మంగకు రెండు వేద్దామని వెతికితే, వీరన్న పక్కన ఆకు లేదు.

"మంగేదీ?"

"పెళ్లి చేసి అత్తోరింటికి అంపేసేమండి బాబూ. పోలవరం అవతల."

ఇప్పుడు తాతయ్యా లేడు, తాడు లాగే వీరన్నా లేడు, ఉసిరితోట చెరుకుతోటయింది. ఊళ్లో ఆ పెద్దరికం నా మీద పడి చాలా కాలమైంది. ఎక్కడ బంతి సాగినా కడబంతి లేచేదాకా నేను కూర్చోను, అందుకు నన్ను మంచివాడంటారు. నిన్న పూటకూళ్లమ్మ "ఆకు వేశాను, లేవండి" అని పిలిచినా, "ఇంకెవరైనా ఉన్నారేమో చూడమ్మా" అన్నాను. మంచితనం కాదు. ఆనాడు మంగకు వేద్దామనుకున్న ఆ రెండు బూరెలూ వేయడానికి నాకింకా ఆకు దొరకలేదు.