దేవుడి పాదాల దగ్గర ప్రోగ్రాం

ఆయుధపూజ మరునాడు అంబత్తూరులో నాకొచ్చిన కోపంతో అక్కడి ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లోని కొలుములన్నీ ఓ వారం మండించవచ్చు.

బోల్టులు చేసే ఒక యూనిట్‌కి, పెట్టెల మీద అంటించే లేబుళ్ల ప్రోగ్రాం మా ఆఫీసే రాసిచ్చింది. రాసినవాడు రాజమండ్రి నుంచి వచ్చిన మా ఇంజనీరు. పొద్దున్నే ఓనరు ఫోన్ చేశాడు. తిరువొత్తియూరులోని కొత్త పార్టీకి మొదటి లోడు సాయంత్రంలోగా చేరకపోతే ఆర్డరు ఇంకొకరికి పోతుందట. పెట్టెలన్నిటి మీదా మాత్రం ‘టెస్ట్ కంపెనీ, టెస్ట్ నగర్’ అని పడింది.

పరిగెత్తాను. కంప్యూటరుకి గంధం, కుంకుమ, మౌసుకీ బొట్టే. మానిటరు మెడలోని చామంతి దండ మోయాలంటే పెళ్లికొడుకైనా కూలబడేవాడు. తాతల నాటి నుంచీ ఇక్కడే ఉన్న తెలుగు సూపర్‌వైజరు పూజకని తెర శుభ్రం చేసి, దాని మీద వాల్‌పేపరుగా దేవుడి బొమ్మ పెట్టి, ప్రోగ్రాం ఒక్కదాన్నే ఫోల్డరులోంచి తీసి ఆయన పాదాల దగ్గర ఉంచాడు. పార్టీల చిరునామాలున్న సెట్టింగుల ఫైలు పాత ఫోల్డరులోనే మిగిలింది.

ప్రోగ్రాంలో ఫైలుండే చోటుకి పూర్తి పాత్ ఇవ్వడమంటే ఊరు, వీధి, తలుపు నంబరు చెప్పడం. మావాడు ఇచ్చింది ‘మా పక్కిల్లే’ అనే రకం. ప్రోగ్రాం పాదాల పక్కన వెతికింది, దొరకలేదు. ఆ ముక్క చెప్పి ఆగి ఉంటే క్షమించేవాణ్ణి. మావాడు దాని కడుపులో పెట్టి మరిచిపోయిన టెస్ట్ నగర్‌ని బయటికి తీసి, పండగ ఉత్సాహంతో అచ్చువేస్తూ పోయింది.

మావాడికి ఫోన్ చేస్తే పురసవాక్కంలో బట్టలు కొంటున్నాడు. “నా లాప్‌టాప్‌లో బానే వస్తోంది కదండీ.”

“అయితే లోడు నీ లాప్‌టాప్‌కే పంపమంటావా? ఆ చీరలు అక్కడ పడేసి రా.”

ప్రోగ్రాంని పాత చోటికి లాగబోతే సూపర్‌వైజరు నా చెయ్యి పట్టుకున్నాడు.

“సామి కాళ్లకాడ పెట్టింది మొదటి లోడు పొయ్యేదాకా తియ్యగూడదు సార్. పక్కన ఇంకోటి పెట్టనూ గూడదు. ఓనరు వాళ్లమ్మ చెప్పుండాది.”

“మరి లారీ?”

“ఆడ నిలబడుకోనుండాది. మీరు సదువుకున్నోళ్లు గదా, ఈడ ఉండంగానే బాగుచెయ్యండి.”

నేను పళ్లు నూరిన చప్పుడు లేతు మిషన్ల మీదుగా వినిపించి ఉంటుంది. అప్పుడు తట్టింది. పక్కిల్లంటే ప్రోగ్రాం పెట్టిన చోటికి పక్కన కాదు, దాన్ని పిలిచేటప్పుడు మనం నిలబడ్డ చోటికి పక్కన. కమాండ్ విండో తెరిచి, పాత ఫోల్డరులోకి వెళ్లి నిలబడి, పాదాల దగ్గరున్న దాన్ని పూర్తి చిరునామాతో పిలిచాను. తిరువొత్తియూరు అచ్చయింది. దేవుడు కదల్లేదు.

పాత లేబుళ్లు మాత్రం ఒలిస్తే గానీ ఊడవు. మావాడు రాగానే తడిగుడ్డ చేతికిచ్చాను. ఓనరూ, సూపర్‌వైజరూ, నేనూ పక్కనే కూర్చుని ఒలిచాం. ఒక్క లైను మారిస్తే సరిపోతుందండీ అని అతను గొణుగుతూనే ఉన్నాడు.

లారీ టైముకే గేటు దాటింది. దాటాక, ఫైలు దొరక్కపోతే ఆగి అరవాలి అనే ఒక్క సంగతిని అతని గదికి చేరేదాకా బండి మీద వెనక కూర్చుని చెబుతూనే ఉన్నాను.