సిరా గీత దాటిన ఎరుపు

నేను పాలిటెక్నిక్ పూర్తి చేసి ఉద్యోగం కోసం చూస్తున్న రోజులవి. చెట్టెక్కి కొబ్బరి దింపు తీసే మా బాబాయికి మట్ట మొదలు గీసుకుని పిక్క మీద చర్మం లేచింది. తర్వాత కాలు ఎర్రగా వాచిపోయింది. మా కోనసీమలో కాలు వాచిందంటే అందరికీ ముందు తోచేది బోదకాలే. మా మామ్మతో సహా ఇంట్లో వాళ్లూ అదే అనుకుని ఊరుకున్నారు. చలిజ్వరం రాగానే నేను డాక్టరు గారిని తీసుకొచ్చాను.

“బోదకాలు కాదండి. దెబ్బలోంచి సూక్ష్మజీవులు దిగి చర్మం కింద మెత్తటి పొర వాచింది. సెల్యులైటిస్ అంటారు.”

ముంజేతి మీద పరీక్ష సూది వేసి, దద్దురు లేవలేదని చూసుకుని, పెన్సిలిన్ ఇంజక్షన్ చేశారు. ఎరుపు అంచు వెంబడి బాల్‌పెన్నుతో గీత గీశారు.

“రోజూ వచ్చి ఇంజక్షన్ చేస్తాను. ఎరుపు ఈ గీత దాటితే మాత్రం వెంటనే కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకుపోండి. కాలికే ప్రమాదం.”

“ఆయ్” అన్నాడు బాబాయి, పెరట్లో చెట్ల వైపు చూస్తూ.

గీత చెమటకు చెరిగిపోతోంది. నా డ్రాయింగు పెట్టెలోని నల్ల సిరాతో దాని మీదే దిద్దాను.

“కాలికి ప్లాను గీస్తన్నావేంట్రా? వంటిల్లు ఎటేపు?” అన్నాడు బాబాయి.

మందు పనిచేస్తే మూడు కనబడాలి: జ్వరం దిగాలి, సలుపు తగ్గాలి, ఎరుపు గీత లోపలికి జరగాలి. రెండో ఇంజక్షన్ మర్నాడు పొద్దున్నే మొదటి రెండూ కనబడ్డాయి. మూడోదాని కోసం ఆత్రంగా దుప్పటి తీశాను.

ఎరుపు మోకాలి దాకా పాకి ఉంది.

బస్సుకు బట్టలు సర్దమని కేకేశాను. అప్పుడు తట్టింది, నల్ల గీత ఏదీ? ఎరుపు పాకితే సిరా ఎందుకు మాయమవుతుంది? తాకి చూస్తే ఎరుపు వేలికి అంటింది.

“మామ్మా, ఏం రాసేవు?”

“రాత్రి మీ బాబాయి నిద్రోతంటే పసుపూ సున్నం కలిపి పట్టేసేనురా. సూది లోపల్నించి పన్జేత్తంటే, పైనుంచి ఇంకోటి పన్జెయ్యొద్దూ?”

పసుపులో సున్నం కలిస్తే ఎర్రగా మారుతుందని మా ఇంట్లో తెలియనివాళ్లు లేరు. గోరువెచ్చని నీళ్లతో మెల్లగా తుడిచాను. ముందు నల్ల గీత బయటపడింది. దాని లోపల రెండు వేళ్ల వెడల్పున మామూలు చర్మం, ఆ తర్వాతే ఎరుపు.

“తగ్గింది బాబాయ్.”

“నా పట్టు వల్లే” అంది మామ్మ.

డాక్టరు గారు వచ్చి చూసి నవ్వారు. “పట్టు మానెయ్యండి మామ్మగారూ. తగ్గిందని ఇంజక్షన్లు మాత్రం మానకూడదు.”

బాబాయి నా సిరా బుడ్డి తీసి చేతికిచ్చాడు. “లోపల ఇంకో గీత గియ్యరా. ఎరుపు అదీ దాటి దిగితే చెట్టెక్కుతాను.”